అంచున

"అంచుకు రావే! ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" వెనక సైకిలు మీద నుంచి తండ్రి అరిచాడు.

కూతురు వినలేదు. పక్కన ఆగి ఉన్న కార్లకు బారెడు దూరం వదిలి, దారి మధ్యనే తొక్కుతోంది. ఆమె వెనక ఒక కారు చెవులు చిల్లులు పడేలా హారన్ మోగిస్తోంది.

ఎర్రదీపం దగ్గర అందరూ ఆగారు. కారు అద్దం దిగింది.

"రోడ్డు మీ తాత వేయించాడా అమ్మా?"

"మీ తాతా మా తాతా కలిసే వేయించారన్నా."

"చిన్నపిల్ల బాబూ, ఏమనుకోకు," అని తండ్రి కూతురి వైపు తిరిగాడు. "అంచున పోతే నీ సొమ్మేం పోయింది?"

"ఆగిన కార్లో ఎవరో చూసుకోకుండా తలుపు తీస్తారు నాన్నా. అది తగలనంత దూరంలో పోవాలి. అమ్మ చనిపోయింది అలాగేగా."

ఆ తలుపు తీసినవాణ్ణి అతను మూడేళ్ళుగా తిట్టని రోజు లేదు. రోజూ గుమ్మం దాకా వచ్చి, అంచున పొమ్మని భార్యకు చెప్పి పంపింది తనేనని ఇన్నాళ్ళకు తట్టింది. ఏడుపు రాలేదు. హ్యాండిల్ మీద చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. సైకిలును అంచు నుంచి లాక్కొచ్చి, కూతురి వెనక, కారు ముందు నిలబెట్టాడు.

"మీరూనా పెద్దాయనా? పిల్లకి బుద్ధి చెప్పాల్సింది పోయి!"

"వాళ్ళమ్మకి చెప్పాను," అన్నాడతను. "వింది."