లెక్కలు రాని పిట్ట

డెస్ పన్నెండింటికి గానీ రాడు. ఇప్పుడింకా తొమ్మిదిన్నర. మరి ఆ బండి చప్పుడు ఎవరిది?

నోలీన్ కూర్చున్న చోటే బిగుసుకుపోయింది.

ఆమె కూర్చున్నది గుడారంలో. గుడారమంటే అదేమంత గుడారం కాదు, నాలుగు కర్రల మీద కప్పిన గోనెగుడ్డ. దానికి ఎర్రమట్టి రంగు పూసింది. దూరం నుంచి చూస్తే చెదపుట్టే అనుకుంటారు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన, కేప్ యార్క్‌లో ఆ మైదానం నిండా, ఎటు చూసినా మనిషెత్తు చెదపుట్టలే. అందులో ఇదొకటి. ఎదురుగా ముప్పై గజాల దూరంలో ఉన్న అసలు పుట్టకి చిన్న కన్నం ఉంది. ఆ కన్నంలో బంగారు భుజాల చిలుక గుడ్లు పెట్టింది. లోకంలో ఆ జాతి చిలుకలు మిగిలినవే బహుకొద్ది. దొంగతనంగా కొనేవాళ్ళు మాత్రం కొల్లలు.

పొద్దున ఆరింటికి చెల్లెలి మొగుడు డెస్ ఆమెను దింపాడు. దింపి ఊరుకోలేదు. గుడారం దాకా తోడొచ్చి, మళ్ళీ ఒక్కడే ఈల వేసుకుంటూ వెనక్కి నడిచాడు. పిట్టల ఫొటోలు తీసేవాళ్ళ పాత ఎత్తు అది. ఇద్దరు రావడం పిట్ట చూస్తుంది. ఒకడు పోవడం చూస్తుంది. మనుషులు పోయారనుకుని గూటికి వచ్చేస్తుంది.

"పిట్టకి లెక్కలు రావు, సరే. నీకొచ్చి ఏం లాభం వదినా?" అన్నాడు డెస్. "ఇరవై రెండేళ్ళు బడి బస్సు నడిపావు. ఎక్కిన తలకాయలు, దిగిన తలకాయలు లెక్కపెట్టావు. రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చోక, నోరులేని పిట్టని మోసం చేస్తున్నావు."

"ఒక్క పిల్లాణ్ణయినా బస్సులో మర్చిపోయానా మరిదీ? నువ్వు మాత్రం పన్నెండింటికి రావడం మర్చిపోకు."

"మర్చిపోతే ఏముంది? నువ్వూ ఒక పుట్టవైపోతావు."

ఇప్పుడా మాట గుర్తొచ్చి నవ్వు రాలేదు.

బండి ఆగింది. తలుపులు వేసిన చప్పుడు. బూట్ల కింద ఎండుగడ్డి కరకరలాడింది. చిలుక రివ్వున ఎగిరిపోయింది.

ఫోనుకి అక్కడ సిగ్నల్ లేదు. పోయినేడు గుడ్ల దొంగలకి అడ్డంపడ్డ పశువుల కాపరికి ఇప్పటికీ ఎడమ చెయ్యి లేవదు.

నోలీన్ కెమెరాకి కన్ను ఆనించింది. పెద్ద లెన్సు. దాంట్లోంచి పుట్ట, దాని చుట్టూ బారెడు జాగా, అంతకుమించి కనపడదు. ఆ జాగాలోకి ఎర్రటోపీ ఒకటి వచ్చింది. టోపీ కింద గడ్డం. చేతిలో పొట్టి పార.

అమ్మో, దొంగే!

చప్పుడు కాకుండా తీసే మీట నొక్కి ఉందో లేదో తడిమి చూసుకుంది. నొక్కే ఉంది. బతికించావు దేవుడా అనుకుని ఫొటో తీసింది. ఇంకోటి తీసింది. తీస్తూనే ఉంది. ఆమె ధ్యాసంతా వాడి మొహం మీద, ఆ పార మీద. పోలీసులకి కావలసింది అవే కదా.

వాడు మోకాళ్ళ మీద కూర్చుని కన్నంలోకి టార్చి వేశాడు. పార ఎత్తాడు. ఎత్తినవాడు ఆగి, గడ్డిలోంచి ఏదో తీశాడు. గుండ్రంగా, నల్లగా, అరచేతంత ఉంది.

నోలీన్ చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. లెన్సు మూత! పొద్దున ఆ పుట్ట పక్కనుంచి వస్తూ, డెస్‌తో వాగుతూ పడేసుకుంది.

వాడు మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత చుట్టూ ఉన్న పుట్టల్ని ఒక్కొక్కటే చూశాడు. ఆ చూపు ఆమె గుడారం మీదికి వచ్చింది. ఆగింది. దాటిపోయింది.

"ఎవరండీ అక్కడ?" గట్టిగా పిలిచాడు. గొంతులో బోలెడు మర్యాద. "కెమెరా మూత పారేసుకున్నారు. రండి, ఇచ్చేస్తాను. ఏమీ అననులెండి."

ఆమె పెదవి మీద ఈగ వాలింది. తోలుకోలేదు. దగ్గొస్తే? తుమ్మొస్తే? ఈ గోనెగుడ్డ ఆపుతుందా ఆ పారని?

"రారా? సరే, మీ ఇష్టం."

వాడు నవ్వి, మూతని పక్కనున్న పొట్టి పుట్ట మీద పెట్టాడు. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పోతున్న వీపుని కూడా ఆమె ఫొటో తీసింది. కాసేపటికి తలుపు వేసిన చప్పుడు. బండి కదిలింది. ఆ చప్పుడు సన్నబడి సన్నబడి, ఇక వినిపించలేదు.

అయినా నోలీన్ కదల్లేదు. అంత తెలివితక్కువది కాదు. పావుగంట చూసింది. అరగంట చూసింది. కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి.

అప్పుడొచ్చింది చిలుక. కొమ్మ మీద వాలి నలువైపులా చూసింది. పుట్ట మీదికి దిగింది. కన్నంలోకి దూరింది.

హమ్మయ్య! చుట్టుపక్కల మనుషులున్నారనుకుంటే ఈ పిట్ట చచ్చినా దిగదు. దిగిందంటే ఎవరూ లేనట్టే.

గుడ్లు దక్కాయి. తన ప్రాణమూ దక్కింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కెమెరాని పసిపిల్లలా చంకనేసుకుని బయటికొచ్చింది. చిలుక బెదరకుండా మెల్లిగా నడిచి, పొట్టి పుట్ట మీదున్న మూత తీసి జేబులో వేసుకుంది.

ఆగలేక ఆ ఎండలోనే నిలబడి, కెమెరా వెనక తెర మీద ఫొటోలు చివరి నుంచి మొదటికి జరుపుకుంటూ పోయింది. పోతున్న ఎర్రటోపీ వీపు, ఒక్కడే. మూత పెడుతున్న చెయ్యి. టార్చి. పార. నెరిసిన గడ్డంతో సహా స్పష్టంగా మొహం.

అన్నిటికంటే ముందు తీసిన ఫొటో దగ్గర, బస్సు అలవాటు ఎక్కడికి పోతుంది, ఆమె చూపుడువేలు తనంతట తానే తలకాయలు లెక్కపెట్టింది: ఎర్రటోపీ ఒకటి, వాడి భుజం వెనకాల మసగ్గా వంగుతున్న ఇంకో తలకాయ, రెండు.