అడ్డంగా విసిరిన బంతి

"సంతకం పెట్టకండి! పగలగొట్టింది ఈ పిల్ల కాదు."

ఫిజిక్స్ టీచర్ నెరెయిదా తలుపు తోసుకుని వచ్చింది. బనీ అనే ఊళ్లోని ఆ బడిలో, ఎవరిస్తో అనే డైరెక్టర్ గదిలోకి అలా వచ్చే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన ముందు పదమూడేళ్ల యుదెల్కాని బడి నుంచి తీసేసే కాగితం ఉంది. ఆ పిల్ల గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

"నా కొత్త కారు అద్దం, టీచర్! బేస్‌బాల్ బంతి ఇంకా సీట్లోనే ఉంది!"

"ఆడపిల్లలు ఆడుకునే మైదానం మధ్యలో కారు పెట్టిందెవరు?"

"అదే దీని కడుపుమంట. నిన్న నా మొహాన్నే అడిగింది. ఇవాళ పై అంతస్తు వరండాలో ఒక్కతే ఉంది. ఏం ఫౌస్తో?"

తలుపు దగ్గరున్న కాపలాదారు ఫౌస్తో ఒక అడుగు ముందుకొచ్చాడు. "పిల్లని చూశానండి. బంతి అడ్డంగా, పైకి లేవకుండా తిన్నగా నా నెత్తి మీంచి పోవడం చూశాను. విసరడం మాత్రం చూళ్లేదు."

నెరెయిదా ఆ కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి రాయసాగింది. పెన్సిల్ ఒత్తిడికి కాగితం చిరిగింది.

"వరండాలో దీని చేతికీ మీ అద్దానికీ ఎత్తు తేడా మూడు మీటర్ల ఇరవై. అడ్డంగా ఎంత గట్టిగా విసిరినా అంత కిందికి పడడానికి పట్టేది పాయింట్ ఎనిమిది సెకన్లే. ఆలోపు మీ కారు దాకా ఇరవై నాలుగు మీటర్లు పోవాలి. అంటే గంటకి నూట ఎనిమిది కిలోమీటర్లు! దీని చెయ్యి యాభై దాటదు. నేనే కొలిచాను."

"అయితే డాబా మీదికెక్కి విసిరింది!"

"అక్కణ్ణించి ఏడు మీటర్ల ఇరవై. ఒకటి పాయింట్ రెండు సెకన్లు. డెబ్బై రెండు కావాలి. అది పెద్దవాళ్ల చెయ్యి. పైగా డాబా తాళం పిల్లలకెవరిస్తారు?"

"మరి ఎవరు?"

"మీరే తేల్చుకోండి. దొరికినవాళ్ల మెడకి చుడితే మాత్రం ఈ లెక్క పట్టుకుని పై ఆఫీసుకి వెళ్తాను."

ఎవరిస్తో మొహం కందిపోయింది. కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. యుదెల్కా కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మ కూడా నేనే అనుకుంది, మేడం. లెక్క చెయ్యకముందే నేను కాదని మీకెలా తెలిసింది?"

నెరెయిదా ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయింది.

"విసిరింది నేనే."