ఫ్లెక్సీలో పొట్ట

“నా పొట్టేదీ?”

ఫ్లెక్సీల షాపులో సుచిత్ర అడిగిన ప్రశ్నకి, కంప్యూటర్ ముందున్న జాషువా మౌస్ వదిలేశాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు: ‘మంగినపూడి బీచ్ పరుగులో పది కిలోమీటర్లు పూర్తిచేసిన సుచిత్రకు అభినందనలు’. కింద మెడలో పతకంతో నవ్వుతున్న సుచిత్ర. ముఖం ఆమెదే. నడుము మాత్రం ఎవరిదో!

“కొంచెం సెట్ చేశానక్కా. ఆడవాళ్ళ ఫొటోలన్నిటికీ చేస్తాం. ఎక్స్‌ట్రా ఏం తీసుకోం.”

“ఫ్రీగా తీసేశావా? ఉప్పుగాలిలో, ఇసకలో అంత దూరం మోసుకెళ్ళాను దాన్ని! అది లేకుండా పరిగెత్తిన ఈవిడెవరో నాకు తెలీదు.”

పక్కనున్న భర్త శ్రీను గొంతు సవరించుకున్నాడు. పెళ్ళయి రెండు నెలలే. భార్య మొదటి పరుగుకి బందరు కోనేరు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాలన్న సరదా అతనిదే.

“బానే ఉంది కదా సుచీ, వదిలెయ్. సాయంత్రానికి కట్టాలి.”

“ఇది బావుందా? అంటే నేను బాలేనా బావా?”

“అయ్యో, అలా అన్నానా! నువ్వెలా ఉన్నా నాకు...”

“ఎలా ఉన్నా ఏంటి? ఇలాగే ఉన్నాను! పరుగు మొదలయ్యే చోట ఒకాయన ‘అమ్మా, చూసేవాళ్ళు అటు నిలబడాలి’ అన్నాడు. ఆయన కొట్టు ఆ సెంటర్లోనే. రోజూ షట్టరు తియ్యగానే నన్ను పొట్టతో సహా చూడాలి.”

జాషువా నవ్వాపుకున్నాడు. సుచిత్ర కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నా పొట్ట నాకొస్తేనే ప్రింటు. లేకపోతే ఫ్లెక్సీయే వద్దు.”

“ఎంతసేపక్కా! మార్చినవన్నీ చివర్నుంచి ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ వెళ్తే అదే వచ్చేస్తుంది.”

జాషువా కీబోర్డు మీద చెయ్యి పెట్టాడో లేదో, శ్రీను గబుక్కున పట్టుకున్నాడు.

“ఆగు జాషువా! రేపు చూద్దాంలే.”

“రేపేంటి శ్రీనన్నా, ఒక్క నిమిషం పని.”

“బావా, చెయ్యి తియ్యి,” అంది సుచిత్ర.

తీశాడు. జాషువా మీట నొక్కాడు. సుచిత్ర నడుము కదల్లేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. తెర మీద, ‘శుభాకాంక్షలతో మీ శ్రీను’ అని ఓ మూలనున్న శ్రీను ఫొటోలో, ఆయనగారి కండలు గాలి తీసినట్టు ఒక్కొక్కటే దిగిపోసాగాయి.