ఓదెలు కోసం

"అమ్మా, ఈయన మీ అబ్బాయా?"

మాదాపూర్ మెట్రో మెట్ల కింద, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒకమ్మాయి బ్యానర్ మీది ఫొటో చూపించి అడిగింది.

"కాదమ్మా. మావాడిదీ ఇదే వయసు" అంది కరుణ.

ఆ అమ్మాయి చందా డబ్బాలో ఓ నోటు వేసి, గులాబీ పువ్వుల పిండివంట పొట్లం ఒకటి తీసుకుని వెళ్లిపోయింది.

ఫొటోలో ఉన్నది క్యాబ్ డ్రైవర్ ఓదెలు. వాహనాల తనిఖీ దగ్గర మాటా మాటా పెరిగి ఎస్సై అతన్ని ఠాణాకు పట్టుకెళ్లాడు. ప్రాణంతో బయటికి రాలేదు. బాత్రూంలో జారిపడ్డాడన్నారు పోలీసులు. ఒళ్లంతా కమిలిపోయి ఉండటం చూసిన భార్య రోహిణి నమ్మలేదు. రోజూ అతని క్యాబ్‌లోనే ఆఫీసుకు వెళ్లే శ్రావణీ నమ్మలేదు. ఆ పిల్లే తోటి ఉద్యోగులనీ డ్రైవర్లనీ కూడగట్టి, ధర్నాలకీ కేసు ఖర్చులకీ శనివారం సాయంత్రాలు ఇక్కడ చందాలు పోగుచేస్తోంది.

కరుణ మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చింది. నర్సుగా రిటైరై బోరబండలో ఒంటరిగా ఉంటోంది. ఇంట్లో పిండివంటలు చేసి తెచ్చి అమ్ముతుంది. వచ్చిందంతా డబ్బాలోనే వేస్తుంది. "ఎందుకాంటీ మీకింత కష్టం?" అని శ్రావణి అడిగితే ఒకే ఒక్కసారి చెప్పింది.

"ఆ ఠాణా నా కొడుకుని కూడా మింగేసిందమ్మా."

శ్రావణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కొడుకు డేవిడ్ వెళ్లిపోయాక కరుణకి ఇల్లు ఇల్లులా లేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే చెయ్యి దానంతటదే ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తుంది. వీధిలో బైకు ఆగితే ప్రాణం గుమ్మంలోకి పరిగెడుతుంది. చిన్నప్పుడు వాడు రెక్క విరిగిన పావురాన్ని చొక్కాలో దాచుకుని తెచ్చాడు. అది చచ్చిపోతే అన్నం ముట్టలేదు. ఆ పిల్లాడు కావాలి ఆమెకి. ఒక్కసారి "అమ్మా" అని పిలిస్తే చాలు.

చీకటి పడేలోపు రోహిణి వచ్చింది. ఆమె వచ్చినప్పుడల్లా కరుణ ఏదో పని పెట్టుకుని పక్కకి తప్పుకునేది. ఈసారి రోహిణి వస్తూనే మెట్ల మీద కూలబడింది.

"ఇగ నాతోని కాదు శ్రావణీ. ఠాణల కెమెరాలు ఖరాబైనయట. లోపల ఏం జరిగిందో చెప్పెటోళ్లు ఒక్కరన్న లేకుంటే కేసు నిలవదంటుండు వకీలు సారు. ఎంత కొట్లాడి ఏం ఫాయిదా?"

కరుణ చేతిలోని పొట్లం కింద పెట్టింది. వచ్చి రోహిణి పక్కన కూర్చుంది.

"కోర్టులో నేను చెబుతానమ్మా."

"నువ్వెట్ల చెప్తవమ్మా?"

"లోపల ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ తెల్లారి మా డేవిడ్ ఇంటికొచ్చి, నా ఒళ్లో తలపెట్టుకుని ఏడుస్తా మొత్తం చెప్పాడు. జడ్జిగారి దగ్గర ఇదే చెప్పరా అన్నాను. అన్నందుకే బట్టలు సర్దుకుని పోయాడు. ఇప్పుడు ఫోనెత్తడు."

"అంటే... మీ అబ్బాయి బతికే ఉన్నాడా ఆంటీ?" శ్రావణి నోరెళ్లబెట్టింది.

"ఉన్నాడమ్మా."

రోహిణి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఎన్నాళ్లకో ఆమె మొహంలో ఆశ కనిపించింది.

"భయపడ్డడేమోనమ్మా. ఆ దినం ఆయన గూడ ఠాణలనే ఉండెనా? ఆయనను గూడ కొట్టిన్రా?"

కరుణ చేతులు విడిపించుకోలేదు. ఈ మాట నోరు దాటితే కొడుకు ఇక తన గడప తొక్కడని ఆమెకి తెలుసు.

"వాణ్ని ఎవరూ కొట్టలేదమ్మా" అంది.

"మీ ఆయన్ని కొట్టిన పోలీసు వాడే."