మహేశ్వర్ పాస్‌వర్డ్

రాత్రి పదిన్నరకు మిర్యాలగూడ రైసుమిల్లు ఆఫీసు మేడ మీద నాగరాణి ఒక్కతే ఉంది. మిల్లు లైనక్స్ సర్వర్‌లోని ఫైళ్లను విండోస్ కంప్యూటర్లలో తెరవాలంటే ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు కొట్టాల్సిందే. ఆ ఏర్పాటు చేసింది ఆమే; ఆమె పేరుతో అయితే అన్ని ఫైళ్లూ తెరుచుకుంటాయి.

కోదాడ బ్రాంచి క్లర్కు మహేశ్వర్‌ను నిన్న రాత్రి ఎవరో ఆ బ్రాంచిలోనే చంపేశారు. అతని పేరు తీసేద్దామని కూర్చుంది. తెర మీద మహేశ్వర్ లాగిన్ అయి ఉన్నాడు. నిన్నటి కోదాడ సీసీ కెమెరా ఫైళ్లు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి.

ఆ పాస్‌వర్డ్ అతనికి తప్ప ఎవరికీ తెలియదు. శవం కుడిచేతి వేళ్లు నాలుగు విరిచి ఉన్నాయని పొద్దున పోలీసులు చెప్పారు. ఎందుకు విరిచారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

ఆ లాగిన్‌ను మూసేసి, అతని పేరు తీసేసింది. చెరిగిపోవడం ఆగింది. నిమిషం తర్వాత ఎవరో నాగరాణి పేరే కొట్టారు. పాస్‌వర్డ్ తప్పు. మళ్లీ తప్పు. ఎక్కడి నుంచా అని చూసింది. కింద, బస్తాలు తూచే కాటా గదిలోని కంప్యూటర్.

వాచ్‌మన్ బిక్షంకు ఫోన్ చేసింది. రింగు కింది నుంచే వినిపించింది.

"బిక్షం తాతా, కాటా గదిల ఎవరున్నరు?"

"తాత ఇగ మాట్లాడడు మేడం." కొత్త గొంతు. ఆయాసపడుతోంది. "నీ పాస్‌వర్డ్ ఏందో జర చెప్తవా, నన్నే పైకి రమ్మంటవా?"

ఆమె గది మూలనున్న సర్వర్ తీగ పీకేసి, తలుపు గడియ పెట్టింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు తొందరేమీ లేకుండా పైకి వస్తోంది.