షారోన్ కొలత

"ఏమనుకోకమ్మా. ఈ గౌను గూడ మా మణికి పట్టది," అంది బుచ్చమ్మ, పక్కనున్న కూతురి భుజం మీద చెయ్యేసి.

మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల మేడ పక్కన, కూలీల గుడిసెల ముందు నిలబడి ఉంది కృపమ్మ. క్రిస్మస్‌కు తమ బిడ్డతోపాటు లేనివాళ్ల బిడ్డకూ ఒక గౌను కుట్టాలని వాళ్ల చర్చిలో ఆడవాళ్ల కట్టుబాటు. ఆమె ఏటా మణికే కుడుతోంది.

"పట్టకపోవడమేంటి? పోయినేడాది వేసుకుందిగా?"

"యాడేసుకుంది? అప్పుడే చంకల కాడ బిగిసింది. మనసు కష్టపెట్టుకుంటవని చెప్పలే. మూడేండ్ల సంది ఒక్కటే కొలత కుడుతున్నవు. పిల్ల పెరగదా, అమ్మా?"

కృపమ్మ వెనక నిలబడ్డ ఆమె భర్త ఫిలిప్ తల దించుకున్నాడు. అది వాళ్ల కూతురు షారోన్ కొలత. మూడేళ్ల కిందట పండగ గౌను మిషను మీద ఉండగానే, ఎనిమిదేళ్ల షారోన్ జ్వరంతో పోయింది. మణికి ఇచ్చిన మొదటి గౌను అదే.

"నీకెన్నేళ్లమ్మా?" కృపమ్మ మణిని అడిగింది.

"పదకొండు."

కృపమ్మ సంచిలోంచి టేపు తీసింది. కూతురి గౌను పొడవు గుర్తుకోసం దానికి కట్టిన ఎర్రదారం ముడి ఇంకా అలాగే ఉంది. మణి భుజం మీద టేపు ఆనించి కిందికి వదిలింది. ముడి మోకాలికి జానెడు పైనే ఆగిపోయింది.

"ఎంతో చెప్పు, రాసుకుంటాను," అన్నాడు ఫిలిప్ మెల్లగా.

కృపమ్మ టేపును చేతికి చుట్టేసుకుంది. మణి నెత్తి మీద అరచెయ్యి ఆనించింది. పిల్ల పక్కకు తప్పుకున్నా, ఆ చెయ్యి అంత ఎత్తులోనే ఉండిపోయింది.

"మన షారోన్ ఇంతయ్యేదండీ," అంది.