చొంగ బంతి

వీధికుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్న మా బుడ్డోడికి రబ్బరు బంతే లోకం. రాత్రిళ్లూ వదలడు. మంచం మీంచి వేలాడే నా చేతిలో చొంగ కారే బంతి పెడతాడు. కళ్లు తెరవకుండానే వంటగదిలోకి విసిరేస్తాను. నిద్ర దక్కాలంటే అదొక్కటే మార్గం.

నిన్న రాత్రీ విసిరాను. తిరిగొచ్చింది. గచ్చు మీద గోళ్ల చప్పుడు మాత్రం లేదు. బంతికి కుళ్లిన మాంసం కంపు, వేళ్లకు సాగే జిగురు.

"ఛీ! ఏం తిని చచ్చావురా?" అని అరిచి బంతిని దూరంగా గిరాటేశాను.

నా గురక పడలేక హాల్లో పడుకునే మా ఆవిడ అక్కణ్ణుంచే విసుక్కుంది. "వాణ్ణెందుకండీ తిడతారు? ఇందాకట్నుంచీ నా కాళ్ల మీదే పడి నిద్రపోతుంటే!"

నా చెయ్యింకా కిందికే వేలాడుతోంది. అరచేతిలోకి బంతి మళ్లీ వచ్చింది. అది జారిపోకుండా, నా వేళ్లను ఒక్కొక్కటిగా ఎవరో మూశారు.